ఎల్లారెడ్డిలో ఆదివారం జాకెట్లు

ఆ రోజుల్లో అని మొదలుపెట్టడానికి నా వయసు చాలదు, ఇది జరిగి మూడేళ్లు కూడా కాలేదు. కాని అప్పుడు నాకున్న ధీమా ఇప్పుడు లేదు గనుక ఆ రోజుల్లో అనే అంటాను. ఆ రోజుల్లో కామారెడ్డిలోని మా ఆఫీసులో ఉన్నవి ఇవి: ఒక గది, రెండు కంప్యూటర్లు, మూడో నంబరు మీద తప్ప తిరగని ఫ్యాను, అటక దాకా పేర్చిన సర్వే ఫారాలు, వాటిని నింపుకొచ్చే ఫారాల అన్న, వాటి అవసరమే లేకుండా చేయడానికి వచ్చిన నేను. కుటుంబాలు దేనిమీద ఎంత ఖర్చు పెడుతున్నాయో లెక్కగట్టడం మా పని. అన్న ఇరవై ఏళ్లుగా బండి మీద తిరిగి దుకాణదారులను అడిగేవాడు. వాళ్లు ఇరవై ఏళ్లుగా ఒకే జవాబు చెప్పేవారు: "ఏం గిరాకి లేదన్నా." (ఆ ఫారాల ప్రకారం ఎల్లారెడ్డి బజారు నేను బడిలో చేరకముందే మూతబడి ఉండాలి.)

నా పద్ధతిలో ఎవరినీ అడగక్కర్లేదు. జనం ఫోన్‌తో స్కాన్ చేసి కట్టే డబ్బు ఎలాగూ బ్యాంకుల్లో నమోదవుతుంది. పేర్లు తీసేసి, ఏ ఊరు, ఏ రకం దుకాణం, ఏ గంట, ఎంత, కట్టింది ఆడా మగా అన్నంత వరకే మాకు పంపేవారు. నాది ఆరు నెలల ఒప్పందం. రిపోర్టు హైదరాబాద్‌లో ఉండే మా పై అధికారి మేడంకు నచ్చితే ఉద్యోగం ఖాయం, లేకపోతే మా ఊరు నాగిరెడ్డిపేటలో మా బాపు వెనక పొలం గట్ల మీద నడవాలి. (బాపుకు ఈ రెండోదే ఇష్టం. ఒకల నోట వినకుంట వాళ్ల ఖర్చు ఎట్ల ఎరుకైతదిరా అని నన్ను చూసి జాలిపడేవాడు.)

నాలుగో నెలలో నాకు నిధి దొరికింది. ఎల్లారెడ్డి లేడీస్ టైలర్లకు వచ్చే డబ్బు వారమంతా అంతంతమాత్రం, ఆదివారం పొద్దున మాత్రం వరద. అందరూ కట్టేది ఒకే మొత్తం, ఐదు వందలు. అన్న ఫారాల్లో కుట్టుపని పడిపోతోంది, నా స్క్రీన్ మీద లేస్తోంది. నేను కారణాలు రాశాను. శ్రావణ మాసంలో రాబడి దాదాపు సున్నా: వానలకు బట్టలు ఆరవు. దసరాకు రెట్టింపు: పండగకు కొత్త జాకెట్లు. కట్టేవాళ్లు చాలావరకు మగవాళ్లు: భార్యల జాకెట్లను తామే తీసుకెళ్లి కుట్టించే కొత్త తరం భర్తలు. ఈ చివరి అంశానికి రెండు పేజీలు కేటాయించాను, రంగుల పటంతో సహా.

అన్న ఆ పేజీలు చదివి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నా పెండ్లయి ఇరవై రెండేండ్లాయె తమ్మీ. ఐతారం పొద్దుగాల పెండ్లాం జాకెట్టు కుట్టియ్యనీకె లేశిన మొగోన్ని నేనైతే చూడలే." ఒక్క ఇంటి అనుభవం శాంపిల్ కాదని మర్యాదగానే చెప్పాను. ఒక్కటే గని గట్టి శాంపిల్ అన్నాడాయన.

మేడంకు రిపోర్టు నచ్చింది. అదే కష్టమైంది. పైకి పంపేముందు ఆ భర్తలను కళ్లారా చూడాలన్నారు. ఆ తరవాతి ఆదివారం తెల్లవారకముందే కారులో బయలుదేరాం. ముందు సీట్లో అన్న, వెనక మేడం, మేడం పక్కన రిపోర్టును ఒళ్లో పెట్టుకుని నేను. ఎల్లారెడ్డిలో మొదటి రెండు టైలర్ దుకాణాల షట్టర్లు మూసి ఉన్నాయి. మూడో దాని ముందు పాతికమంది మగవాళ్లు వరస కట్టి ఉన్నారు. "చూశారా మేడం, అందరూ మగవాళ్లే," అన్నాను, కారు ఆగకముందే.

కారు ఆగాక ఆ మగవాళ్ల చేతుల్లో స్టీలు గిన్నెలు కనిపించాయి. షట్టర్ ముందు టార్పాలిన్ పరదా పరిచి, ఒకాయన కత్తితో యాట మాంసం కొడుతున్నాడు. కార్జం, బొక్క, మెత్తని కండ అన్నిట్లో సమంగా వచ్చేలా కుప్పలు వేసి ఉన్నాయి. ఒక్కో కుప్ప ఒక పోగు, ఐదు వందలు. (పోగుల సంగతి తెలియనివాణ్ణి కాదు, అవి తిని పెరిగినవాణ్ణే. కాని నా స్క్రీన్ మీద పోగు వాసన ఎప్పుడూ రాలేదు.) గోడకున్న స్కానర్ పెట్టె "ఐదు వందల రూపాయలు అందాయి" అని అరిచినప్పుడల్లా మేడం నావైపు చూశారు. కుట్టుమిషన్ పక్కన కూచున్న టైలరక్క నన్ను అడిగింది.

"ఏంది సారూ, జాకెట్టా, పోగా?"

నా లోపల నాగిరెడ్డిపేట బస్సు స్టార్టయింది. ఈ డబ్బు టైలర్ ఖాతాలో ఎందుకు పడుతోందని మేడమే అడిగారు.

"యాట ఆయనది, స్కానర్ నాది," అంది అక్క, కత్తి పట్టుకున్న భర్తవైపు చూపిస్తూ. "పైసలు ఆయన ఫోన్ల పడ్డయంటే పొద్దుమీకేసరికి ఉండయి. గందుకే నా దుకాణం ముంగట్నే కొయ్యమన్న." ఆయన తలెత్తకుండా ఇంకో బొక్క కొట్టాడు.

మేడం అన్నవైపు తిరిగి, ఇరవై ఏళ్లుగా తిరుగుతున్నా ఈ యాట నీ ఫారాల్లో ఎందుకు లేదని అడిగారు. అన్న అప్పటిదాకా నవ్వుతున్న నవ్వు మానేశాడు. "ఐతారం ఆఫీసు బంద్ గద మేడం." తరవాత మాట మళ్లించడానికో, నాతో పాత వాదన తేల్చుకోవడానికో వరసకేసి కేకేశాడు: "మీల పెండ్లాం జాకెట్టు తెచ్చినోళ్లు ఎవలన్న ఉన్నరా?"

వరస మొత్తం వెనక్కి తిరిగింది. చివర్లో ఒక పెద్దాయన గిన్నె చంకలో పెట్టుకుని, మొహమాటంగా ఒక కవరు పైకెత్తాడు. "నేనున్న బిడ్డా. ఎట్లాగూ పోతున్నవు గదా, గిది గూడ ఇచ్చి రమ్మన్నది."

మేడం కారుకు ఆనుకుని నవ్వారు, కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వారు. "నీ రిపోర్టు పూర్తిగ అబద్ధం కాదు పో. ఒక్కడున్నడు." తరవాత తేల్చారు: డబ్బు లెక్క సరిగానే ఉంది, దాని పేరే తప్పు. ఇకమీదట లెక్క నేను చూడాలి, లెక్కలో వింత కనిపిస్తే అన్న వెళ్లి చూడాలి, ఆదివారమైనా సరే. రంగుల పటం తీసేయాలి. ఉద్యోగం ఉంటుంది. ఆ మాట చెప్పి ఆవిడ వరసలో నిలబడ్డారు.

ఇప్పుడు ఎల్లారెడ్డిలోనే గది తీసుకున్నాను. ఆదివారం పొద్దున గిన్నెతో అదే వరసలో నిలబడి, అదే స్కానర్‌కు ఐదు వందలు కడతాను. ఏ ఊళ్లోనో ఒక గదిలో, మూడో నంబరు మీద తిరిగే ఫ్యాను కింద కూర్చుని, నాలాంటి కుర్రాడెవడో నా ఐదు వందలు చూసి, భార్యంటే ఎంత ప్రేమో ఈయనకు అని రాసుకుంటూ ఉంటాడు. (నాకింకా పెళ్లి కాలేదు.) వాణ్ణి తలచుకుంటే ముద్దొస్తాడు, వాడి పటం రంగులతో సహా. ఇప్పటిదాకా ఆ లేడీస్ టైలర్‌కు నేను కట్టినది అరవై మూడు సార్లు. కుట్టించుకున్నది ఒక సంచి.