కంచెకు ఇటూ అటూ

వరికోతల్లో పగలంతా వంగి నడుము పట్టేసినా, గిలాన్ పల్లెలోని ఖావర్ సాయంత్రం కంచె దగ్గరికి వెళ్లక మానదు. ఒంటికి కప్పుకునే చాదర్‌ను నడుముకు బిగించుకుని, పాత మేజోడు తొడిగిన ఎడమచేత్తో ముళ్లతీగలు వంచి, కుడిచేత్తో బ్లాక్‌బెర్రీలు కోస్తుంది. లాగితేగాని రాని పండును వదిలేస్తుంది. తాకగానే ఊడి అరచేతిలో పడేదే తీపి. వేళ్లకు పట్టిన ఊదారంగు చలికాలం దాకా వదలదు. కంచెకు అవతల తోడికోడలు సనోబర్ కూడా ఆ వేళకే కోస్తుంది. పొలం పంపకాల్లో మాటామాటా అనుకున్నాక ఇద్దరి మధ్యా పలకరింపులు ఆగిపోయాయి. ఏళ్ల తరబడి ఒకరి దగ్గు ఒకరు వింటూనే కోసుకున్నారు.

నిన్న పైకొమ్మ అందుకోబోయి ఖావర్ తూలి కంచె మీద పడింది. తలగుడ్డా జుట్టూ ముళ్లలో చిక్కుకున్నాయి. విడిపించుకునే ఓపిక లేక, పిలవడానికి నోరు రాక, అలాగే ఉండిపోయింది.

"కదలకక్కా, చెవి తెగుతుంది," అంది సనోబర్ అవతలినుంచి. ముళ్లలోకి చెయ్యి దూర్చి, గీరుకుపోతున్నా తియ్యకుండా, వెంట్రుకలు ఒక్కొక్కటే విడదీసింది. "జుట్టంతా నెరిసిపోయిందే నీకు!"

"నీ చేతులు మాత్రం? అచ్చం అత్తగారి చేతులే."

సనోబర్ నవ్వబోయి దగ్గింది. ఖావర్ గట్టు మీద కూలబడి, బుట్టలోంచి గుప్పెడు పళ్లు తీసి కంచె సందులోంచి అందించింది.

"ఉప్పుంటే బాగుండేది," అంది సనోబర్ నములుతూ.

"ఇంట్లో ఉంది. రా."

"చుట్టూ తిరిగి రావాలి. కాళ్లు లాగేస్తున్నాయక్కా."

"నావీ అంతే. మెల్లగా రా, ఇక్కడే కూర్చునుంటాను."