రాహుకాలంలో తీసిన కణాలు

ముహూర్తం చూడకుండా మా మామయ్య కొత్త చీపురు కూడా గడప దాటనిచ్చేవారు కాదు. పాతబస్తీలో, చార్మినార్ వెనక గల్లీ గుడిలో పూజారి. మా అమ్మకు స్వయానా తమ్ముడు. తన కొడుక్కి నన్ను చేసుకుని మేనరికం కలిపిందీ ఆయనే. మా పాపకు తలసేమియా అని, నెలనెలా రక్తం ఎక్కించాలని, ఆ లోపం మా ఇద్దరి నుంచీ చెరికాస్త వచ్చిందని తెలిశాక ఆయన చాలా రోజులు నా కళ్లలోకి చూడలేకపోయారు.

రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు పరీక్ష చేయిస్తే మళ్లీ అదే జబ్బు. ఆ కడుపు తీయించుకున్నాం. ఇంకోసారి ఆ కోత నా వల్ల కాదని తెగేసి చెప్పాను. అందుకే, రెండువేల సంవత్సరం తర్వాత మన దగ్గరికి కొత్తగా వచ్చిన పద్ధతికి ఒప్పుకున్నాం. పిండాన్ని బయట పెంచి, కొన్ని కణాలు తీసి పరీక్షించి, జబ్బు లేనిదాన్నే కడుపులో పెడతారు.

ఎప్పుడు తీయాలన్నదే చిక్కు. మూడో రోజు పిండంలో ఏడెనిమిది కణాలే ఉంటాయి, ఒకటి తీసినా లోటే. ఐదో రోజుకు వంద దాకా పెరుగుతాయి, నాలుగు తీసినా తట్టుకుంటుంది. కానీ అన్ని పిండాలూ అప్పటిదాకా నిలవవు. అయినా ఆగుదామంది డాక్టరమ్మ.

మామయ్య పంచాంగం తెరిచారు. "మూడో దినం అమాస. ఐదో దినం విదియ. డాక్టరమ్మ మస్తు తెలివిగలది బిడ్డా!"

అంతటితో ఊరుకున్నారా? ఆమెకు ఫోన్ చేసి వర్జ్యం ఎప్పుడో కూడా చెప్పారు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఐదో రోజు ఫోన్ వచ్చింది. ఉన్న నాలుగు పిండాల్లో మూడు ఎదగడం ఆగిపోయాయి. మిగిలిన ఒక్కటీ ఇంకా తయారు కాలేదు. "రేపు చూద్దాం" అంది డాక్టరమ్మ. రేపు కూడా కాకపోతే ఏమిటని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

మర్నాడు శుక్రవారం. మళ్లీ ఫోన్. "తయారైందమ్మా, ఇప్పుడే తీస్తున్నాం." గడియారం చూస్తే సరిగ్గా రాహుకాలం. ఎదురుగా మామయ్య గుడికి దండ కడుతున్నారు. ఇక లొల్లి తప్పదని నడుం బిగించి సంగతి చెప్పాను.

ఆయన దండ పక్కన పెట్టారు. "అది ఎప్పుడు తయారైతే గదే దానికి మంచి గడియ. తియ్యమను, జల్ది తియ్యమను!" ముడి వేయని దండలోంచి పూలు జారిపోతున్నా చూసుకోలేదు. ఆయన కూడా నా అంత భయపడుతున్నారని అప్పుడు అర్థమై, నా కోపమంతా చల్లారింది.

ఫలితం వచ్చేదాకా పిండాన్ని అతిశీతలంలో దాచారు. డాక్టరమ్మ ఫోన్లో చెప్పిన ఆ కబురు నేను అఫ్జల్‌గంజ్ బస్టాపులో విన్నాను. "మీలాగే లోపాన్ని మోస్తుందంతే. జబ్బు రాదు." హమ్మయ్య! అంత జనంలో, సిగ్గూ ఎగ్గూ లేకుండా భోరున ఏడ్చాను. ఎవరో ముసలమ్మ మంచినీళ్లిచ్చింది.

బాబు పుట్టాడు. వాడి రక్తం పరీక్షించినా అదే మాట. ఆ వారం రక్తం ఎక్కించుకుని వచ్చిన పాప, చేతికి పట్టీతోనే ఉయ్యాల్లోకి తొంగి చూసింది.

"వీనికి సూది లేదా అమ్మా?"

"లేదు."

"ఎప్పటికీ?"

"ఎప్పటికీ."

"మంచిగైంది" అంది, వాడి చెయ్యి నిమురుతూ. "మస్తు నొస్తది."