ఒక్క పిల్లకి మూడు రాత్రి భోజనాలు

ఆసుపత్రిలో వార్డంతా ఒంటిచేత్తో నడిపే నర్సు కెజియా, సొంత కూతురి సుగర్ రిపోర్టు చూసి కంగారుపడడం ఆమె భర్త ఏలియా అదే మొదటిసారి చూశాడు. సారాకి ఎనిమిదేళ్లు. ఒళ్లు బాగా చేసింది. సుగర్ హద్దు దాకా వచ్చిందనీ, నాలుగు నెలల్లో దిగకపోతే మందులు మొదలుపెట్టాలనీ డాక్టరమ్మ చెప్పింది.

"అయితే ఇక పిల్ల కడుపు మాడుస్తావన్నమాట," అన్నాడు ఏలియా, ఒమాన్‌లో తాముండే ఊరు బౌషర్‌లో ఇల్లు చేరగానే.

"మాడ్చనండీ. అసలు ఏం తింటుందో ముందు తెలియాలి కదా!"

తెలిసింది. నైట్ డ్యూటీకి పోయేముందు ఆరింటికి కెజియా కడుపు నిండా అన్నం తినిపిస్తుంది. ఆ తర్వాత తండ్రి వచ్చేదాకా పిల్లను చూసుకునే కింది ఫ్లాట్ ఒమానీ పెద్దావిడ రుఖయ్యా, పక్కన కూర్చోబెట్టుకుని రొట్టె, ఖర్జూరాలు, హల్వా పెడుతుంది. ఎనిమిదింటికి ఏలియా మబేలాలో షాపు నుంచి వచ్చి, పాపం ఎప్పుడు తిందో ఏమోనని మళ్లీ అన్నం కలిపి ముద్దలు పెడతాడు. ఎవరికి వారే, పెట్టేది తామొక్కరమే అనుకున్నారు. ఏడాది పాటు!

"తిన్నానని చెప్పొచ్చు కదే, తల్లీ?" అన్నాడు ఏలియా.

"చెబితే నువ్వు నా దగ్గర కూచోవు కదా నాన్నా," అంది సారా.

ఏలియా తల తిప్పుకున్నాడు. కెజియా మాత్రం పిల్లను ఒక్క మాట అనలేదు. ఇల్లునే మార్చేసింది. ఆరింటికి పండు చాలు. అన్నం ఎనిమిదింటికి, తండ్రీ కూతురూ కలిసి తినాలి. కూల్‌డ్రింకు ఏలియాకీ బంద్.

"నేనేం చేశానే మధ్యలో?"

"మీరు గటగటా తాగుతుంటే అది మంచినీళ్లు తాగుతుందా?"

ఇక రుఖయ్యా. ప్రేమగా పెట్టేదాన్ని వద్దంటే ఆవిడ మళ్లీ మొహం చూస్తుందా అని ఏలియాకి ఒకటే గుబులు. కెజియా హల్వా ఊసే ఎత్తలేదు. వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలతో, సాయంత్రం మా పిల్లని కాస్త నడిపిస్తారా, మీ మోకాళ్లకీ మంచిది, అంది. పెద్దావిడ పకపకా నవ్వింది. మర్నాడే నమాజు కాగానే సారా చెయ్యి పట్టుకుని పార్కుకి బయల్దేరింది. హల్వా దానంతటదే వారానికోసారి, సెలవురోజు శుక్రవారానికి మారింది. ఒక్కరినీ నొప్పించకుండా కెజియా ఇదంతా ఎలా చేస్తోందో ఏలియాకి అంతుపట్టలేదు.

నాలుగు నెలలకి మళ్లీ పరీక్ష. సారా బరువు ఒక్క కిలో కూడా తగ్గలేదు. ఇక మందులు తప్పవనుకున్నాడు ఏలియా. డాక్టరమ్మ రిపోర్టు తెరిచి నవ్వింది. సుగర్ దిగింది! పిల్ల రెండు సెంటీమీటర్లు పొడుగయింది. బరువు పెరగకుండా అలా ఎదగడమే కావలసిందట.

"బరువు తగ్గక్కర్లేదని నీకు ముందే తెలుసా?" అన్నాడు ఏలియా బయటికొచ్చాక.

"తెలుసండీ."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెబితే రోజూ పిల్లని గోడకి నిలబెట్టి కొలుస్తారు!"

అటునుంచి అటే డ్యూటీకి పోతున్న భార్యని, పదకొండేళ్లు కాపురం చేసిన ఆ మనిషి, అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు నోరు తెరుచుకుని చూస్తుండిపోయాడు.