పెనుమూడి రేవులో లెక్కకు రాని పడవ

మా అమ్మాయి సమీరా తెనాలి బాలికల రోయింగ్ జట్టులో ఉంది. నలుగురు అమ్మాయిలు, ఒకటే పడవ. కాలువకు నీళ్లు వదిలిన నెలల్లోనే వాళ్లకు సాధన. కిందటేడు కృష్ణ ఒడ్డున పెనుమూడి రేవులో జరిగిన పడవ పందేల్లో రేసు గెలిచింది మా వాళ్లే. కానీ బాపట్ల జట్టు మూడు పడవలతో దిగి, మూడింటి పాయింట్లూ కలుపుకుని కప్పు పట్టుకుపోయింది. ఈసారి ఆ పద్ధతి మార్చాలని మా కోచ్ శ్రీనివాస్ గట్టిగా అడుగుతున్నారు. ఆ సంగతి ఎలా తేలుతుందో కళ్లారా చూడాలని ఈ ఆదివారం పిల్లలతో పాటు నేనూ బయల్దేరాను.

తెనాలి నుంచి రేపల్లెకు పొద్దున్నే ప్యాసింజర్ రైలుంది, గంటకు కాస్త అటూ ఇటూగా చేరుస్తుంది. పడవను ముందు రోజే ట్రాక్టర్ మీద పంపేశారు. వేమూరు దాటాక ఇడ్లీ పొట్లాలు విప్పాను కానీ ఒక్క పిల్లా సరిగా తినలేదు. సమీరా కిటికీ వైపు తిరిగి అరచేతుల్లోని కాయలు నొక్కుకుంటూ కూర్చుంది. రేపల్లె స్టేషన్ బయట పెనుమూడి రేవుకు ఆటో మాట్లాడుకున్నాం. మనిషికి ముప్పై రూపాయలు.

"పడవ పందేలకేనా అక్కా?" అన్నాడు డ్రైవరు. "ఈసారి కూడా బాపట్ల వాళ్లేనంటండి. పడవలెక్కువ కదా!"

వెనక కూర్చున్న పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

రేవులో అడుగు పెట్టేసరికే షామియానా కింద వాదన నడుస్తోంది. పోటీ నడిపేది రిటైరైన డ్రిల్లు మాస్టారు, అందరూ ఆయన్ను పెద్ద మాస్టారంటారు. "సరే, పాయింట్లు కలపొద్దు. ఒక్కో జట్టులో ముందొచ్చిన పడవనే లెక్కేద్దాం," అన్నారాయన.

శ్రీనివాస్ ఒప్పుకోలేదు. "అప్పుడు వాళ్లకి మూడు అవకాశాలు, మాకు ఒకటేనండి. ఏ పడవని లెక్కెయ్యాలో ఎవరికి వాళ్లు రేసుకి ముందే చెప్పాలి."

బాపట్ల కోచ్ పద్మ గారు, "న్యాయమే. మా ఒకటో పడవ రాసుకోండి మాస్టారూ," అన్నారు. ఆ మాట విన్న వాళ్ల రెండో పడవ అమ్మాయి దుర్గ ముఖం చిన్నబోయింది. "మరి మేమెందుకు మేడం తెడ్డేసేది?" అంది. పెద్ద మాస్టారు అప్పటికే కాగితం మీద ఒకటో పడవ పేరు రాసేస్తున్నారు. నిజానికి ఆ ప్రశ్న నాకూ గుచ్చుకుంది, అయినా మా పిల్లల వైపే చూస్తూ నిలబడ్డాను.

కప్పుకు మగపిల్లల రేసులూ, అమ్మాయిల రేసూ రెండూ లెక్కకొస్తాయి. మగపిల్లల రేసులు ముగిసేసరికి తెనాలి, బాపట్ల పాయింట్లలో సమానంగా ఉన్నాయి. కప్పు ఎవరిదో అమ్మాయిల రేసే తేల్చాలి. విజిల్ పడింది. సగం దూరం వరకు మా పడవే ముందు. ఎదురుగాలి లేచాక అలలకు పడవ ముక్కు ఒక పక్కకు లాగింది. పక్కనుంచి బాపట్ల పడవ ఒకటి దూసుకొచ్చింది. ఆ పడవే ముందుగా గీత దాటింది, మాది రెండోది, ఆ వెనక బాపట్లదే ఇంకొకటి.

ఓడిపోయామనుకుని తల దించుకున్నాను. కానీ ముందొచ్చింది దుర్గ వాళ్ల రెండో పడవ. లెక్కకు రాసిన ఒకటో పడవ మా వెనక వచ్చింది. పొద్దున ఒప్పుకున్న ప్రకారం కప్పు తెనాలిదే.

దుర్గ వాళ్ల నాన్న జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "మా పిల్ల ముందొస్తే కప్పు వాళ్లకేంటండీ? నీళ్లల్లో గెలిచినోళ్లకి విలువ లేదా?" అతని వెనక పదిమంది పోగయ్యారు. మా తెనాలి వాళ్లూ గొంతులు పెంచారు. పెద్ద మాస్టారు మైకు పట్టుకుని ఆగండి, ఆగండి అంటున్నా ఎవరూ వినలేదు. అప్పుడు పద్మ గారే ముందుకొచ్చారు. "పడవని ఎంచుకోవడంలో పొరపాటు నాది. ఒప్పుకున్న మాట రేసయ్యాక మారిస్తే ఆట ఎందుకు? కప్పు వాళ్లకే ఇవ్వండి."

సమీరా తడి బట్టలతోనే మాస్టారి దగ్గరికి నడిచింది. "తీసుకుంటాం సార్. కానీ ముందు మైకులో నిజం చెప్పండి. రేసు గెలిచింది దుర్గ వాళ్లు. మేం రెండో వాళ్లం."

ఆయన అలాగే చెప్పారు. ముందు దుర్గ వాళ్ల నలుగురి పేర్లు చదివి మెడల్స్ వేశారు. రేవంతా చప్పట్లు కొట్టింది. దుర్గ వాళ్ల నాన్న తువ్వాలుతో ముఖం తుడుచుకుని పక్కకు తప్పుకున్నాడు. ఆ తర్వాతే కప్పు మా పిల్లల చేతికొచ్చింది.

"వచ్చేసారి మా పడవనే రాస్తారు, చూసుకో," అంది దుర్గ.

"రాయాలి. అప్పుడు తేల్చుకుందాం," అంది సమీరా.

తిరుగు రైల్లో పిల్లలు కప్పును ఒకరి ఒడిలోంచి ఒకరి ఒడిలోకి మార్చుకుంటూ వచ్చారు గానీ, కేకలు, పాటలు లేవు. చిన్న జట్టుకు అన్యాయం జరగకూడదని పెట్టుకున్న నియమం, పెద్ద జట్టులోని నలుగురు పిల్లల కష్టాన్ని లెక్కలోంచి తీసేసింది. పాత పద్ధతికి పోదామని అనను. కానీ ఆ లోటు కూడా తెలిసే నియమం పెట్టుకోవాలని ఇప్పుడు అనిపిస్తోంది. భట్టిప్రోలు దాటాక సమీరా నా భుజం మీద తల వాల్చి, "అమ్మీ, దుర్గ తెడ్డు నీళ్లలోంచి తీసేటప్పుడు చప్పుడే రాదు. అదెలాగో నేర్చుకోవాలి," అంది.

మీ పిల్లల్ని ఇలాంటి పోటీకి తీసుకెళ్తుంటే, పాయింట్లు ఎలా వేస్తారో పడవలు నీళ్లలోకి దిగక ముందే నిర్వాహకుల్ని అడగండి. పిల్లల్ని పక్కన ఉంచుకునే అడగండి.