తవిటయ్య, ఓషీన్

నా చిన్నప్పుడు పిల్లలకి పేరు పెట్టేది చెవికి ఇంపుగా ఉండాలని కాదు, వాళ్ళు బతికి బట్ట కట్టాలని. మొన్న మా మనవరాలి కొడుకు బారసాల ముందు ఆ సంగతి మళ్ళీ తలుచుకోవలసి వచ్చింది.

మనవరాలు ఐర్లండులో నర్సు. మూడో నెల రాగానే పిల్లాణ్ణి అమలాపురం తీసుకొచ్చింది. పేరు ఓషీన్ అని పెడతానంది. ఆ దేశంవాళ్ళ భాషలో చిన్న జింకపిల్ల అని అర్థమట. ఎన్నో తరాల నాటి కథల్లోంచి వచ్చిన పేరట. మధ్యలో జనం మరిచిపోయినా, ఇప్పుడు మళ్ళీ అక్కడ ఏ వీధిలో విన్నా వినిపిస్తోందట.

మా ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. "మన దేవుళ్ళ పేర్లు అయిపోయేయేంటండీ అత్తయ్యగారూ" అంది మా కోడలు. మనవరాలు నా వైపు చూసింది. నేను సరే అంటేనే పళ్ళెంలో బియ్యం మీద పేరు రాస్తారు. వద్దనడానికి నేనూ నోరు తెరిచాను. అంతలో మా పక్కింటి పిన్ని గుర్తొచ్చింది.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా అమ్మకి మగపిల్లాడు పుట్టాడు. అంతకు ముందు ఇద్దరు పుట్టి, నెల తిరక్కుండానే పోయారు. అందుకని మా నాయనమ్మ వీణ్ణి చేటలో పడుకోబెట్టి పక్కింటి పిన్నికి అమ్మేసింది. పిల్లలు లేని ఆ పిన్ని దోసెడు తవుడు నాయనమ్మ కొంగులో పోసి కొనుక్కుంది. పెంచి పెట్టమని మళ్ళీ మా అమ్మ చేతికే ఇచ్చింది. ఇక వాడు మావాడు కాదు, తవుడుకి అమ్ముడైనవాడు. మృత్యువు మా ఇంటికి వచ్చినా వాడి జోలికి పోదని నమ్మకం. పేరు తవిటయ్య.

నేను మూడో తరగతిలో ఉన్నాను. నా చదువుకి అదే ఆఖరు తరగతి కూడా. "మీ తమ్ముణ్ణి గేదె తినేస్తదేమో చూసుకోవే" అని బళ్ళో ఒకటే వేళాకోళం. నాకు తల కొట్టేసినట్టయింది. నాకు నచ్చిన పేరొకటి కల్పించి, వాడి అసలు పేరు మోహన్ అని, వాడు మా సొంత తమ్ముడేనని, తవుడు సంగతంతా ఉత్తిదని అందరికీ చెప్పేశాను.

రెండు రోజులకి పిల్లాడికి జ్వరం తగిలింది. పాలు తాగడం మానేశాడు. మృత్యువుకి తెలియకుండా దాచిన సంగతి నేనే బయటపెట్టాను, వాడు పోతే నా వల్లే పోతాడు. అమ్మకి చెప్పే ధైర్యం లేక పిన్ని దగ్గరికి పరిగెత్తాను. పెరట్లో కొబ్బరి ఈనెలు తీస్తోంది. ఏడుస్తూ అంతా చెప్పాను.

తిడుతుందనుకున్నాను. కత్తి పక్కన పెట్టి, నా ముక్కు తన కొంగుతో తుడిచింది. "పిచ్చిదానా, మోహన్ ఎవడో నాకు తెలీదు. మీ ఇంట్లో పడుకున్నోడు నేను కొనుక్కున్నోడు. ఎవరొచ్చి అడిగినా అదే చెప్తాను, ఆయ్" అంది.

లేచి మా ఇంటికొచ్చి వాడి పక్కన కూర్చుంది. నాలుగు రోజులు తడిబట్ట వేస్తూ, ఉగ్గుగిన్నెతో చుక్క చుక్క పాలు పోస్తూ, గుటకకొకసారి "తవిటయ్యా, మా నాయనా" అని పిలిచింది. ఆ పిలుపు వింటూ గుమ్మంలో కూర్చున్న నాకు, ఆ పేరులో తవుడు ఎక్కడుందో తెలియలేదు. నాలుగో రోజు వాడు కళ్ళు తెరిచి పిన్ని వైపే తల తిప్పాడు.

బతికాడు. రేషను కార్డులోనూ తవిటయ్యే. ముసలితనంలో పిన్నిని తన ఇంట్లోనే ఉంచుకుని, ఆఖరున కొడుకు చేయవలసినవన్నీ చేశాడు.

అందుకని మనవరాలితో, "ఏదీ, నువ్వొకసారి పిలువు, వింటాను" అన్నాను. అది వంగి "ఓషీన్" అంది. ఆ గొంతు విన్నాక ఇక అడగడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. బియ్యం తెమ్మన్నాను. శేరు చాలని కూడా చెప్పాను, రేపటి వంటకి అంతే పడుతుంది కదా.

వాళ్ళు తిరిగి వెళ్ళిపోయారు. ఆ పేరు నాకింకా నోరు తిరగదు. అయినా ఎవరి పేరు విన్నా ముందు దాన్ని పిలిచే మనిషి కేసే చూడడం ఆ నాలుగు రోజుల్లో అలవాటయింది, ఇప్పటికీ పోలేదు. ఫోనులో పిల్లాడు కనిపించగానే రోజూ ఓషీన్ అని పిలుస్తాను. నా గొంతుకి వాడు తల తిప్పేదాకా పిలుస్తాను.