నాబ్ ఉన్న దీపం

ఇప్పుడంటే మా డ్రైవ్‌వేలో ఒక క్యారవాన్ నిలబడి ఉంటుంది. లోపల మంచం, సింకు, ఫ్రిజ్, దేవుడికి ఒక చిన్న అర, అన్నీ ఉన్నాయి. ఎండలు మొదలయ్యాయంటే చాలు, దాన్ని ట్రక్కుకు తగిలించుకుని కొండల్లోకి బయలుదేరడమే! కానీ ఆ రోజుల్లో, అంటే పెళ్ళై అమెరికాలో ఈ బాతెల్ ఊరికి కొత్తగా వచ్చిన రోజుల్లో, సెలవు దొరికితే జనం ఇల్లు వదిలి అడవిలో నేల మీద పడుకుంటారని తెలిసి నేను నోరు వెళ్ళబెట్టాను. అన్ని గంటలు విమానంలో కూర్చుని వచ్చింది గుడ్డ ఇంట్లో పడుకోవడానికా? (చుక్కల్ని చూస్తారట. మా ఊళ్ళో డాబా మీద చాప వేసుకుంటే అవి ఊరికే కనబడేవి.) ఆ అభిప్రాయం మారడానికి నాకు ఒక ఉదయం, ఒక పొయ్యి సరిపోయాయి. ఆ ఉదయాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఒంట్లో హుషారు పుడుతుంది, ఆ వెనకే కొంచెం సిగ్గూ వేస్తుంది.

ముందు నా చదువు సంగతి చెప్పాలి. నేను బడికి వెళ్ళింది ఐదో తరగతి దాకానే. తరువాత ఒంట్లో బాగుండక ఇంట్లోనే ఉండిపోయి మా నాయనమ్మ దగ్గర చదువుకున్నాను. ఎక్కాలు, పురాణాలు, పంచాంగం చూడటం, పొయ్యి రాజేయడం, అన్నీ ఆవిడే నేర్పింది. ఆవిడ పాఠాల్లో లేనిది ఒక్కటే, కారు నడపడం. మా ఆయన ఉన్న ఒక్క కారూ వేసుకుని ఆఫీస్‌కి వెళ్ళిపోతే గుడికి వెళ్ళాలన్నా, ఒక కొత్తిమీర కట్ట తెచ్చుకోవాలన్నా సాయంత్రం దాకా కిటికీ దగ్గర కూర్చోవడమే. లైసెన్స్ రావాలి, అది వస్తే పొద్దున్న నా చేతే ఆఫీస్ దగ్గర దింపించుకుని కారు నాకు వదిలేస్తానన్నారు. కానీ అప్పటికి రెండుసార్లు టెస్టు పోయింది. మొదటిసారి స్టాప్ బోర్డు దగ్గర ఆగాననుకున్నాను. పక్కన కూర్చున్నాయన, "మీరు ఆగలేదు, నెమ్మదించారు" అన్నాడు. రెండోసారీ అదే మాట, బోర్డు మాత్రం వేరు. ఎవరూ రాని రోడ్డు మీద పూర్తిగా ఎందుకు ఆగాలో నా బుర్రకి ఎక్కేది కాదు. గుడి ముందు నుంచి వెళుతూ చెప్పులతోనే ఒక దండం పెట్టినట్టు, కాస్త మర్యాద చూపిస్తే చాలదా?

అందుకని మూడోసారికి దేవుణ్ణే పట్టుకున్నాను. నలభై రోజులు, ఒక్క రోజు కూడా తప్పకుండా, పొద్దున్నే దీపం పెట్టి, దాని ముందు కూర్చుని డ్రైవింగ్ పుస్తకం పారాయణ చేస్తానని మొక్కుకున్నాను. (పుస్తకం చివర జరిమానాల పట్టిక ఉండేది. దాన్నే ఫలశ్రుతిగా చదువుకుని కళ్ళకద్దుకునేదాన్ని.) ఒక్క రోజు తప్పితే మొక్కు పోయినట్టే. మంగళవారం టెస్టు. సోమవారానికి నలభై నిండుతాయి. సరిగ్గా అప్పుడు వచ్చి పడింది క్యాంపింగ్.

తెచ్చినవాడు లిస్టన్నయ్య. మా ఆయనతో పనిచేసేవాడు, కాకినాడ మనిషి, ఏ పనికైనా ముందు లిస్టు రాసేవాడు. ఆయన భార్యది కరీంనగర్, నాకు వదిన. "శుక్రవారం సాయంత్రం బయలుదేరతాం, ఆదివారం తిరిగొస్తాం, సైట్ బుక్ చేసేశాను" అని లిస్టన్నయ్య ప్రకటించాడు. దీపం మాటేమిటని నేను నసిగాను. "అడవిలో దీపం వద్దనేదెవరు చెల్లెమ్మా? మునులు యజ్ఞాలు చేసింది అక్కడే కదా!" అన్నాడు. ఆ మాట నాకు మహా నచ్చింది. శుక్రవారం పొద్దున్న ముప్ఫయ్యేడో దీపం ఇంట్లో పెట్టి, కుందీ, నెయ్యీ, వత్తులూ, కర్పూరం, బెల్లం ముక్క, దేవుడి పటం ఒక అట్టపెట్టెలో సర్దుకుని కారెక్కాను.

చేరేసరికి ఇంకా వెలుగుంది. అబ్బ, ఆ చోటు! ఒక పక్క నది, ఒక పక్క ఆకాశంలోకి పోయిన చెట్లు. దిగీ దిగగానే ఆ చెట్ల వాసన నాకు హారతి వాసనలా తోచింది. గుడారం సంగతి మరచిపోయి చిన్నపిల్లలా నీళ్ళలోకి దిగి చీర కుచ్చిళ్ళు తడుపుకున్నాను. ఈలోగా లిస్టన్నయ్య అక్కడి నియమాలు చదువుతున్నాడు. ఎలుగుబంట్లు తిరుగుతాయట. వాసన వచ్చే వస్తువు ఏదైనా సరే సైట్‌లో ఉన్న ఇనప పెట్టెలో పెట్టి గొళ్ళెం వేయాలట. నెయ్యి పెట్టారు, బెల్లం పెట్టారు, కర్పూరం పెట్టారు. నేను పటం మాత్రం గుండెకి హత్తుకున్నాను.

"గది గూడ పెట్టు పిల్లా" అంది వదిన.

"పటానికి వాసనేముంది వదినా?"

"ఏండ్ల సంది అగరుబత్తీల పొగ పట్టిన పటం. ఎలుగుబంటిని దావత్‌కి పిలిచినట్టే."

అలా మా దేవుడు ఆ రాత్రికి ఆవకాయ సీసాకీ, బ్రెడ్డు ప్యాకెట్‌కీ మధ్య ఎలుగుబంటి పెట్టెలో పవళించాడు. ఆయనకది కోపం తెప్పించలేదనే నా నమ్మకం. తరువాత జరిగింది చూస్తే నవ్వుకున్నట్టే ఉంది.

శనివారం తెల్లవారగానే నదిలో ముఖం కడుక్కుని, బల్ల మీద పటం నిలబెట్టి, కుందిలో నెయ్యి పోసి, అగ్గిపుల్ల గీయబోతున్నాను. "గుడ్ మార్నింగ్ ఫోక్స్!" అని వినబడింది. వెడల్పాటి టోపీ, అరవైకి దగ్గర వయసు, చేతిలో ఒక పలక లాంటి ప్యాడ్. అడవి కాపలా చూసే రేంజర్. (మేం ఆవిణ్ణి ఇప్పటికీ రేంజరమ్మ అనే తలుచుకుంటాం.) అగ్గిపుల్ల వంక చూసి తల అడ్డంగా ఊపింది. వానల్లేక అడవి ఎండిపోయి ఉంది, ఫైర్ బ్యాన్ పెట్టారు, కట్టెల మంట లేదు, బొగ్గుల్లేవు, క్యాండిల్ కూడా లేదు అంది.

మా ఆయన ముందుకొచ్చి, "ఇట్స్ వెరీ స్మాల్, మేడమ్" అన్నారు.

"చిన్నదే. అన్నీ చిన్నగానే మొదలవుతాయి" అంది ఆవిడ, నవ్వు చెరగకుండానే.

ముప్ఫయ్యేడు రోజులు! జ్వరం వచ్చిన రోజు కూడా లేచి పెట్టిన దీపం! వెళ్ళబోతూ రేంజరమ్మ మా బల్ల చివర ఉన్న ఒంటి పొయ్యి గ్యాస్ స్టవ్ చూపించి, "దీనికి అభ్యంతరం లేదు. నాబ్ తిప్పితే ఆగిపోయే మంట ఏదైనా వాడుకోవచ్చు" అని చెప్పి పక్క సైట్‌కి నడిచింది.

ఆవిడ నోట దేవుడే పలికాడనుకున్నాను! మంట మంటే కదా? చకచకా స్టవ్‌ని తుడిచి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, పటం ముందుకు జరిపి నాబ్ తిప్పాను. టక్‌మని నీలం మంట గుండ్రంగా లేచింది. మహా అందంగా ఉంది, పద్మంలా! చేతులు జోడించి, పారాయణ మొదలుపెట్టాను. ఆ రోజు వంతు, మంచులో కారు జారితే ఏం చేయాలన్న అధ్యాయం.

పుస్తకం మూసేసరికి లిస్టన్నయ్య గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాడు. "అయిందా చెల్లెమ్మా? స్టవ్ ఇలా ఇస్తే కాఫీ పెట్టుకుంటాను."

"స్టవ్ ఏది అన్నయ్యా? అది దీపం."

"సరే, దీపమే. ఎంతసేపు?"

"దానంతట అది కొండెక్కేదాకా. దీపాన్ని చేత్తో ఆర్పకూడదుగా."

లిస్టన్నయ్య స్టవ్ మీదకి వంగి చూశాడు. ముఖంలో రంగు మారింది. "అది నిండు క్యాన్ తల్లీ! ఇలా సిమ్‌లో ఉంటే మధ్యాహ్నానికి గానీ కొండెక్కదు. మనకున్నది అదొక్కటే!"

"పన్నెండు చెంచాలు రాసినవ్ లిస్టుల, గ్యాస్ డబ్బా ఒక్కటే రాసినవా?" అంది వదిన గుడారంలో నుంచే.

"మంట అలాగే ఉండనీ, మీద గిన్నె పెట్టనివ్వు" అన్నారు మా ఆయన, రాజీకి వచ్చిన పెద్దమనిషిలా.

"ఏమండీ, దీపం మీద ఉప్మా గిన్నె పెట్టినవాళ్ళని ఎక్కడైనా చూశారా?"

ఆయన చూడలేదు. ఎవరూ చూసి ఉండరు. ఆ పాయింటు మీద అందరూ ఓడిపోయి, బల్ల చుట్టూ కూర్చుని చల్లటి బ్రెడ్డుకి ఆవకాయ రాసుకుని తిన్నారు. వదిన కూతురు ఎనిమిదేళ్ళది, నా చెంగు లాగి, "ఆంటీ, స్టవ్‌కి బొట్టు ఎందుకు? ఇప్పుడు అది గాడ్ ఆ? అది పాన్‌కేక్ చేస్తుందా?" అని అడిగింది. లిస్టన్నయ్య ఖాళీ గిన్నెని ఒళ్ళో పెట్టుకుని మంట వంకే చూస్తున్నాడు. అంత ఏకాగ్రతతో ఆ దీపాన్ని నేను కూడా చూడలేదు. వీళ్ళని పస్తు పెడితే నాకేం పుణ్యం? ఆపితే నా మొక్కు ఏం కాను?

అలా ఎండ బాగా ఎక్కాక రేంజరమ్మ రెండో చుట్టు వచ్చింది. మంట మీద ఏమీ లేదు, చుట్టూ నలుగురు పెద్దవాళ్ళు, ఒక పిల్ల మౌనంగా కూర్చున్నారు. ఆవిడ ఆగిపోయింది.

"మీరు దేనికోసం ఎదురుచూస్తున్నారు?"

"కాఫీ కోసం" అన్నాడు లిస్టన్నయ్య, ఏడుపు గొంతుతో.

మొక్కు గురించి, మా నాయనమ్మ గురించి, నలభై రోజుల గురించి నేను తెలుగులో పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. మా ఆయన దాన్ని మూడు ముక్కల్లో తేల్చేశారు: "ప్రేయర్. డ్రైవింగ్ టెస్ట్." నాకు ఒళ్ళు మండింది గానీ ఆవిడకి అర్థమైనట్టే ఉంది.

"మరి ఎప్పుడు ఆపుతుంది?"

"ఆపదట."

ఆవిడ ముఖంలో నవ్వు పోయింది. నా ఎదురుగా బెంచీ మీద కూర్చుని, నాకు అర్థమయ్యేలా ఒక్కొక్క మాటే నెమ్మదిగా మాట్లాడింది. "టెస్టు ఎందుకు పోయింది?"

"స్టాప్ సైన్" అన్నాను తలవంచుకుని.

ఆవిడ ఒకసారి మంట వంక, ఒకసారి నా వంక చూసింది. తరువాత, "చూడమ్మా, ఈ అడవిలో మంట ఆపగలిగినవాళ్ళకే మంట పెట్టుకోనిస్తాను. నువ్వు ఆపనంటే, అది ఎంత మంచి మంటైనా సరే, నేనే ఆపాలి" అంది.

పరాయి మనిషి చేత్తో నా దీపం ఆరిపోవడమా! కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళలోంచి చూస్తే పసుపూ కుంకుమలతో ఆ పొయ్యి నాకు ఇంకో పొయ్యిలా కనబడింది. మా నాయనమ్మ రోజూ పొద్దున్నే పొయ్యి అలికి, ముగ్గేసి, బొట్టు పెట్టి, దండం పెట్టి రాజేసేది. దాని మీదే పాలు కాచేది, అన్నం వండేది. అంతా అయ్యాక నిప్పుల మీద నీళ్ళు చిలకరిస్తూ, "ఇక పడుకో తల్లీ, రేపు పొద్దున్నే లేపుతాను" అనేది. దీపం వేరు, పొయ్యి వేరు! నేను పెట్టింది పొయ్యి. పొయ్యికి దాని మర్యాద దానికుంది. ఆవిడ ఒళ్ళో కూర్చుని అన్నేళ్ళు చదువుకుని అసలు పాఠమే మరచిపోయానా?

"అన్నయ్యా, గిన్నె తెండి!" అని ఒక్క కేక పెట్టాను.

ఆయన తెచ్చిన వేగం చెబితే నమ్మరు. ముందు పాలు పొంగించి, బెల్లం ముక్క కలిపి దేవుడికి చూపించాను. తరువాత కాఫీ. మొదటి గ్లాసు రేంజరమ్మకే. స్టీలు గ్లాసు చుర్రుమంటే టోపీ అంచుతో పట్టుకుని తాగింది. లిస్టన్నయ్య రెండో గ్లాసు తాగి కళ్ళు మూసుకుని, "నీ మొక్కు తీరాలి చెల్లెమ్మా" అన్నాడు, మనస్ఫూర్తిగానే. దాని మీదే వదిన ఉప్మా చేసింది. అంత రుచైన ప్రసాదం నేను ఏ గుళ్ళోనూ తినలేదు.

అందరూ తిన్నాక నేనే వెళ్ళి స్టవ్ ముందు నిలబడ్డాను. రేంజరమ్మ ఎందుకో టోపీ తీసి చేత్తో పట్టుకుంది. "ఇక పడుకో తల్లీ, రేపు పొద్దున్నే లేపుతాను" అని నాబ్ తిప్పాను. నీలం పద్మం ముడుచుకుపోయింది. నది చప్పుడు వినబడింది. భయం వేయలేదు. నాయనమ్మ పక్కనే ఉన్నట్టనిపించింది. ఆదివారం పొద్దున్న మళ్ళీ లేపాను, ముప్ఫైతొమ్మిది. సోమవారం ఇంట్లో మామూలు దీపం, నలభై.

మంగళవారం మూడోసారి టెస్టు, మళ్ళీ ఒక స్టాప్ బోర్డు. కారు పూర్తిగా ఆపాను. లోపల్లోపల "ఇక పడుకో తల్లీ" అని పూర్తిగా అనుకున్నాను, నాయనమ్మలాగే తొందర లేకుండా. కుడివైపు చూశాను, ఎడమవైపు చూశాను. పక్కనున్నాయన ప్యాడ్ మీద ఏదో రాసుకుని, ఇంకా కదలకపోతే దగ్గి, "మేడమ్, ఇక వెళ్ళొచ్చు" అన్నాడు. పాసయ్యాను! ఆ సాయంత్రం మొదటిసారి నేనే నడుపుకుంటూ గుడికి వెళ్ళాను. వెనక సీట్లో వదిన దారి పొడుగునా దండకం చదివింది. (అది భక్తి కాదని తరువాత ఒప్పుకుంది.)

ఇప్పుడు క్యారవాన్‌ని లాగే ట్రక్కు నడిపేది నేనే. లోపల మూడు పొయ్యిల స్టవ్ ఉన్నా, ఆ పాత ఒంటి పొయ్యిని పారేయలేదు. దాని నాబ్ సందులో కుంకుమ ఎన్నిసార్లు తుడిచినా పోదు. కొత్త చోట దిగిన మొదటి ఉదయం దాన్నే వెలిగిస్తాను. అగ్గిపుల్ల పట్టుకుని అడవంతా ఎదిరించబోయిన ఆ పిచ్చిపిల్ల గుర్తొచ్చి, దాని బుగ్గ గిల్లాలనిపిస్తుంది. మొన్న కూడా, కొండ దారిలో మనిషి లేని కూడలిలో స్టాప్ బోర్డు దగ్గర నిండుగా ఆగాను. వెనక కారువాడు హారన్ కొట్టాడు. మా ఆయన మ్యాప్ మీద నుంచి తల ఎత్తకుండానే అన్నారు, "పడుకోబెట్టింది చాల్లే, ఇక లేపు."