ఫోన్‌లో అరిచిన దూడ

ఆ రీల్ తీసింది నేనే. అందుకే ఇందులో ఎవరిని వెక్కిరించినా నన్ను వదలకూడదు.

పుంగనూరు దగ్గర మా ఊళ్ళో పొట్టి ఆవులు ఎప్పటినుంచో ఉన్నాయి. వాటిని ఎవరూ ముద్దు చేయలేదు, మేపి పాలు పిండుకున్నారు, అంతే. చిన్నాయన మదనపల్లెలో పెద్ద ఫోన్ కొన్నాకే అవి ముద్దొచ్చాయి. కెమెరా ముందుకు రమ్మంటే నేను తలుపు వెనక్కి పోతాను కాబట్టి, ఫోన్ పట్టుకునే పని నాకు పడింది. ఇరవై రోజుల దూడ గచ్చు మీద కుక్కపిల్లలా తిరుగుతుంటే తీశాను. వీధిలో ఎదురైతే పలకరించని వాళ్ళు కూడా దాని కింద లవ్ గుర్తులు పెట్టారు.

వారంలో బెంగళూరు నుంచి భార్యాభర్తలు కారులో వచ్చారు. సుడి చూడలేదు, తల్లి వైపు కన్నెత్తలేదు. టేపుతో దూడ ఎత్తు కొలిచి, లిఫ్టులో పడుతుందని సంతోషించారు.

"పాలు మరవని బిడ్డరా, యాల ఇస్తాండావు?" అంది అవ్వ.

"పెద్దదైతే ఎవురు కొంటారమ్మా? ఇప్పుడే గిరాకీ," అన్నాడు చిన్నాయన.

దూడ వెనక సీట్లో వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం అవ్వ చెంబుతో కూర్చుంటే ఆవు చేపలేదు. దూడ మూతితో పొదుగు కుమ్మితేనే మా ఆవు పాలు వదులుతుంది. ఈ సంగతి ఊళ్ళో చంటిపిల్లలకూ తెలుసు. ఫోన్ కొనకముందు చిన్నాయనకూ తెలుసు.

"ఇట్లే నాలుగు దినాలు పోతే వట్టిపోతాది," అంది అవ్వ. ఇంట్లో ఆవిడ చేతికి సొంతంగా వచ్చేది ఆ పాల మీదే.

మర్నాడు చిన్నాయనకు ఉపాయం తట్టింది. బెంగళూరు వాళ్ళు పంపిన వీడియోలో దూడ సోఫా పక్కన నిలబడి అరుస్తోంది. దాన్ని ఆవు చెవి దగ్గర పెట్టాడు. "సూడుమ్మా, నీ బిడ్డే! సౌండు ఫుల్లు పెట్టినా."

ఆవు చెవులు నిక్కబొడిచింది. నాలుగు ధారలు పడ్డాయి. చిన్నాయన పట్టా పుచ్చుకున్నవాడిలా నా వైపు చూశాడు. అంతలో ఆవు మూతి చాచి ఫోన్‌ను వాసన చూసింది, ఒకసారి నాకింది, మొహం తిప్పుకుని చెంబును తన్నింది.

"అంతమంది మనుసులు ఆ ఫోన్లో బొమ్మకు మురిసిపోయిరి. ఇది గొడ్డురా, మోసపోదు," అంది అవ్వ.

మూడో రోజు బెంగళూరు నుంచి ఫోన్. "హాల్లోనే పేడ వేస్తోందండీ. ఒకటే అరుపు, పక్క ఫ్లాటు వాళ్ళు గ్రూపులో తిడుతున్నారు. రిటర్న్ తీసుకుంటారా?"

"రిటర్న్ లేదు మేడమ్," అంటున్న చిన్నాయన చేతిలోంచి అవ్వ ఫోన్ లాక్కుంది. "తోలుకొని రాండమ్మా. మీ దుడ్డు మీకిస్తాం. ఈపొద్దే రాండి."

దూడ షాంపూ వాసనతో దిగింది. ఆవు మూచూసి, కొమ్ముతో నెట్టేసింది. అవ్వ కొట్టంలో ఆవు పంచితం ఇంకిన పాత గోనె తెచ్చి దూడను తల నుంచి తోక దాకా రుద్దింది, వీపు మీద ఉప్పు చల్లింది. ఆవు చాలాసేపు అనుమానించింది. తరువాత చెవి దగ్గర మొదలుపెట్టి నాకసాగింది.

భార్యాభర్తలు పేడ తొక్కకుండా కొట్టం వాకిట్లో నిలబడి దాన్ని వీడియో తీస్తున్నారు.

"పక్కకు జరగండప్పా," అంది అవ్వ, పొదుగు కింద చెంబు పెడుతూ. "ఎలుతురుకు అడ్డమొస్తాండారు."